గాజు గిన్నెల్లో బెల్లం

ఆ రోజుల్లో పరిశోధన అనే మాట మా పుంగనూరులో ఎవరి నోటా వినలేదు. నాకు మాత్రం పద్దెనిమిదేళ్లకే మదనపల్లె మిషన్ ఆసుపత్రి ల్యాబులో పని దొరికింది. (చదివింది మూడో తరగతి, కడగాల్సింది గాజు గిన్నెలు. రెంటికీ గొడవ లేదు.) కాలేజీ చదువుతూ ల్యాబులో చేరాలా వద్దా అని ఊగులాడుతున్న మా మనవరాలికీ, ఆమెలాంటి పిల్లలకూ పనికొస్తుందని ఈ సంగతి చెబుతున్నాను.

అక్కడి మా డాక్టరమ్మ మా వైపు కలికిరి మనిషే. రోగుల కఫంలోని క్రిములను ఆ గిన్నెల్లో పెంచి, ఏ మందుకు చస్తాయో చూసేవారు. కొన్నాళ్లు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటానన్నారు. మొదటి రోజు గిన్నెలన్నీ కడిగి, ఉడికించి, ఆరబెట్టాను. తీరా బీరువాలో పెట్టబోతే చెయ్యి రాలేదు. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మా ఇంట్లో ఎరగం. యుద్ధం రోజులు, బెల్లానికి కరువు. అయినా అమ్మ మూటగట్టి ఇచ్చిన బెల్లమంతా చిదిపి, గిన్నెకొక పలుకు వేసి, మూతలు పెట్టి, బీరువాలో సర్ది, నా మర్యాదకు నేనే మురిసిపోతూ వెళ్లాను.

తెల్లారి చూస్తే గడప నుంచి బీరువా దాకా చీమల బారు. ఆసుపత్రిలో మందులు కలిపే కుప్పం కాంపౌండరప్ప తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమ్మా, క్రిములు సాలవని సీమల్ని గూడా పెంచతాండావా? మూట గట్టుకో, పుంగనూరు బస్సు వచ్చే యాళయింది!"

డాక్టరమ్మ ఒక మూత తీశారు. ఆమె అరవలేదు.

"యాల పెట్టినావు?" అని, ఎందుకో మాత్రం అడిగారు.

"ఖాళీ గిన్నె ఎట్లిచ్చేదమ్మా? మర్యాదగా ఉండదు గదా!"

ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నారు. "క్రిములకు యాలమ్మా నీ మర్యాదలు? ఈడ ఖాళీగా ఉండేదే మర్యాద. కంటికి కనబడని దుమ్ము పడినా నా పని సెడిపోతాది. మళ్లా ఉడికించు. కాంపౌండరప్పా, ఆ మూట గీట మాటలు సాలు. ఈ పిల్ల ఈడే ఉంటాది."

ఉన్నాను, పెళ్లయ్యేదాకా. తర్వాత వచ్చిన ప్రతి ఆడపిల్లకూ గిన్నె కడగడం నేర్పింది నేనే. (కాంపౌండరప్ప చెల్లెలికి కూడా!) అందుకే చెబుతున్నాను పిల్లలూ, ల్యాబులో చేరేముందు యంత్రాలు చూసి మురిసిపోకండి. ఏదైనా చెడిపోయిన రోజు అక్కడి పెద్దవాళ్లు ముందు అరుస్తారా, ఎందుకని అడుగుతారా అని పనిచేసేవాళ్లను కనుక్కోండి.

మొన్న మనవరాలు ఒక ల్యాబు చూడ్డానికి పోతూ నా క్యారియరులో అన్నం పట్టుకెళ్లింది. అక్కడివాళ్లను అట్లాగే అడిగిందట, చేరుతుందట. క్యారియరు తళతళా కడిగి, ఖాళీగా నా చేతికిచ్చింది.

"అప్పుడే ల్యాబు మనిషివైపోయినావు కదమ్మా!" అన్నాను.

అయినా, ఆమె అటు తిరగ్గానే మూత తీసి లోపలికి ఒకసారి తొంగిచూశాను.