చుక్కలో ముప్పై ఏడు ప్రాణులు

ఒక్క బిందె నీళ్లలో కోటీ పదకొండు లక్షల ప్రాణులున్నాయని లెక్కగట్టి, జహీరాబాద్‌లో ఓ గల్లీనంతటినీ దాహంతో ఎండగట్టిన ఘనుణ్ణి నేనే. గుణకారం మాత్రం తప్పలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తరువాత మీరు మరిచిపోతారు.

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు, ఓ బడిలో ప్రయోగశాల అటెండరును. చదివింది ఏడో తరగతి. లెక్కలు పాత పుస్తకాలు తిరగేసి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ ఏడు బడికి సూక్ష్మదర్శిని వచ్చింది. జీవశాస్త్రం సారు పిల్లలకు చెబుతుంటే, బీరువా తుడుస్తూ దాని భాగాలన్నీ నేనూ వంటబట్టించుకున్నాను. కింద అద్దం, పైన వేదిక, గాజు పలకను పట్టే క్లిప్పులు, పెద్ద మర, చిన్న మర. కంటి కటకం పదింతలు, వస్తు కటకం పదింతలు, వెరసి వందింతలు. "ఇరవై గాదా?" అన్న ప్యూనును ఆ రోజంతా జాలిగా చూశాను.

సారు కోహీర్‌లో పెళ్లికి వెళ్లిన రోజున, మా గల్లీ బావి నీళ్లు ఒక చుక్క పలక మీద వేసి, పైన పల్చని గాజుబిళ్లను పెనం మీద జొన్నరొట్టె వేసినట్టు టప్పున వేశాను. గొట్టంలో కన్ను పెట్టాను.

అబ్బ! నల్లని అంచులతో గుండ్రంగా, పెళ్లి బంతిలో చుట్టాల్లా తోసుకుంటూ ముప్పై ఏడు! మూడుసార్లు లెక్కపెట్టాను.

జీవుల లక్షణాలు ఏడని సారు చెప్పారు కదా, వెంటనే పట్టిక గీశాను. పలక వంచితే కదిలాయి: చలనం. సూదితో బిళ్లను నొక్కితే పక్కకు పారిపోయాయి: ప్రతిస్పందన. ఒకటి ఇంకోదాన్ని మింగింది: పోషణ. మింగి లావైంది: పెరుగుదల. మరొకటి రెండుగా చీలింది: ప్రత్యుత్పత్తి. ఒకటి పోయి ఒకటి పుట్టింది కాబట్టి మళ్లీ ముప్పై ఏడే! ప్రకృతి కూడా నాలాగే లెక్క సరిచూసుకుంటుందని మురిసిపోయాను. విసర్జన, శ్వాసక్రియ కనబడలేదు. అయినా ఏడుకు అయిదు! నేను రాసిన ఏ పరీక్షలోనూ అన్ని రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట ఒకడు. నేను పట్టినదానికి అసలు కాళ్లే లేవు, అయినా నడిపించాను.

మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు, బిందెకు పదిహేను లీటర్లు. సాయంత్రానికల్లా బావి గోడ మీద సుద్దముక్కతో కోటీ పదకొండు లక్షలు వెలిసింది. గల్లీ జనం బిందెలు చంకనేసుకుని ఇంకో బావికి నడిచారు.

ఆ నీళ్లతోనే శివమ్మక్క బస్టాండు దగ్గర చాయ్ కాచేది. నాలుగో రోజు పొద్దున్నే చాయ్ గరిటెతో సహా బడికొచ్చింది. సారు కూడా అప్పుడే ఊరి నుంచి దిగారు.

"ఏమ్రా సంగప్పా! నా చాయ్‌ల పురుగులున్నయని గోడ మీద రాసినవంట?"

"పురుగులనలేదక్కా, ప్రాణులన్న. లెక్క పక్కా."

"నీ లెక్క పొయ్యిల వెయ్యి! మూడు దినాలాయె, ఒక్కడు గ్లాసు ముడ్తలేడు. నా పొయ్యి ఆరితె నీ ప్రాణులొచ్చి నా పిల్లలకు బువ్వ వెడ్తయా? యాడున్నయో సూపెట్టు!"

గర్వంగా కొత్త చుక్క వేసి, బిళ్లను మళ్లీ టప్పుమనిపించాను. "జర ఒక కన్ను మూసుకోక్కా."

ఆమె చూసింది. గరిటె కింద పడేంతగా నవ్వింది.

"ఇవి నాకెర్క లేవా! ఇరవై ఏండ్ల సంది పొద్దుగాల లేస్తె ఇయ్యే సూస్తున్న. బుడగలు రా, బుడగలు! నీళ్లు కాగంగ గిన్నెల లెవ్వయా?"

సారు కూడా చూసి తలపట్టుకున్నారు. "బిళ్లను ఒక అంచు ఆనిచ్చి, సూదితోని మెల్లగ దించాలె సంగప్పా. గట్ల పడేస్తె గాలి చిక్కుతది." తరువాత నా పట్టిక చదివారు. "ఊపిరి కనవడలేదని రాసినవా? దాని ఒళ్లంత గాలేనయ్యా!"

"మరి గుణకారం, సార్?"

సారు వేళ్ల మీద సరిచూశారు. "గుణకారం కరెక్టే."

ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శిక్ష శివమ్మక్క వేసింది. ముప్పై ఏడు రోజులు నిండు బస్టాండులో ఆమె చాయ్ తాగి, "నీళ్లు మంచియి!" అని కేక వేయాలి. ప్రాణికొక చాయ్. వేశాను. మూడో వారానికి, న్యాల్‌కల్ బస్సు దిగినవాళ్లు నా కేక వినడానికే ఆమె బల్లల మీద చోటు వెతుక్కునేవారు. ముప్పై ఎనిమిదో రోజూ గ్లాసు చేతికొచ్చింది.

"లెక్క అయిపోయిందక్కా!"

"ఒకటి పిల్లను వెట్టిందని రాసినవ్ గద? దాని పాలు గూడ తాగు!"

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. చుక్కను తవ్వి గాలిని పట్టింది నేనొక్కణ్ణే. అందుకే అద్దం, వేదిక, రెండు మరల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చాయ్ కాచేవాళ్లను అడగకుండా ఈ జన్మలో దేనికీ ప్రాణం పోయను. గుణకారం మాత్రం మానను.