తూర్పుకు ముక్కు పెట్టిన బండి

2023 చలికాలం. మానుకోటల నేను కార్ల రిపేరు షెడ్డు పెట్టి అప్పటికి పద్నాలుగేండ్లు. మా బాపుది కిరాణా దుకాణం, ఇద్దరు మేనమామలవీ దుకాణాలే. నడక కన్నా ముందు బేరం నేర్చినోన్ని. ఇంజన్ల పని మాత్రం ఆలస్యంగా, తప్పులు చేసుకుంట నేర్చిన. ఈ కారు దగ్గర ఆ రెండు విద్యలు ఒకదానికొకటి అడ్డం పడ్డయి.

దంతాలపల్లి నుంచి నా పాత గిరాకీ యాదగిరి తన డీజిల్ కారు తెచ్చిండు.

"అన్నా, పొద్దున లేవనంటున్నది. నాలుగైదు సార్లు దగ్గుతది, వణుకుతది, తెల్లటి పొగ ఇడుస్తది. ఒక్కసారి అందుకున్నదంటే ఇగ దినమంత రాజా లెక్క నడుస్తది."

"ఎప్పటి సంది?"

"దసరా అయినంక."

ఆ జవాబు చెవిన పడ్డది గానీ బుర్రకెక్కలేదు.

యాదగిరి తల్లి లచ్చవ్వకు కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడు రోజులు మానుకోట దవాఖానల డయాలసిస్. ఆమెది పొద్దుగాల మొదటి వంతు. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతది. అప్పటికే ఒకసారి పోయింది. మధ్యాహ్నం దాకా ఆయాసపడుకుంట బెంచీ మీద కూసున్నదట. "ఇంకోసారి గట్లయితే తట్టుకోదన్నా" అన్నడు యాదగిరి.

డీజిల్ ఇంజన్‌ల నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా ఒత్తితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటది. చలి పొద్దుల్ల ఆ వేడి చాలదని గ్లో ప్లగ్గులు పెడతరు, అంటే వేడెక్కే చిన్న కడ్డీలు. పొద్దున మొండికేసుడు, తెల్లపొగ అనంగనే పదిమంది మెకానిక్కులల్ల తొమ్మిదిమంది వాటినే అనుమానిస్తరు. నేనూ ఆ తొమ్మిదిమందిల ఒకన్ని. నాలుగూ మార్చిన, బ్యాటరీ చూసిన, కారును తెల్లారేదాకా షెడ్డులనే ఉంచిన. పొద్దున తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేచింది. ఛాతీ ఉబ్బించుకొని పంపిన.

మూడో రోజు ఫోన్. "అన్నా, మళ్ల గదే."

నా దగ్గర బుద్ధిమంతురాలు, వాళ్లింట్ల మొండిది! కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. బండి మీది అనుమానం ఆ ఇంటి మీదికి మళ్లింది. తర్వాతి డయాలసిస్ రోజు తెల్లవారుతుంటే మోటర్ సైకిల్ మీద వాళ్ల వాకిట్ల దిగిన.

వాకిలి తూర్పు దిక్కు ఎత్తు, పడమర పల్లం. గేటు పడమరకు ఉన్నది. కారు మాత్రం ముక్కు పైకి, తోక గేటు దిక్కు పెట్టి ఉన్నది.

"రోజూ ఎనకకు తీసుకుంట బయటికి పోతున్నవా? ఎందుకు గిట్ల పెట్టినవ్?"

"అవ్వ మాట అన్నా. దసరాకు చిల్పూరు గుట్ట మీది గుడిల బండికి పూజ చేయించినం. అప్పటి సంది బండి ముక్కు తూర్పుకే ఉండాల్నంటది."

లచ్చవ్వ శాలువ కప్పుకొని మెట్ల మీద కూసున్నది. కాళ్లు ఉబ్బి ఉన్నయి. "రోగం నాకొచ్చింది, దగ్గుడు దీనికొచ్చింది. దీనికన్న నేనే జల్ది లేస్తున్న బిడ్డా" అని నవ్వింది.

యాదగిరి తాళం తిప్పిండు. దగ్గింది, వణికింది, ఆగింది. మళ్ల తిప్పిండు. మళ్ల అంతే. ఈసారి అవ్వ నవ్వలేదు. తెల్లారుతున్న ఆకాశం దిక్కు చూసింది.

"బిడ్డా, దీని పైపులల్ల గాలి చొచ్చిందేమో?"

నాకు నవ్వొచ్చింది. "నీకెట్ల ఎరుక అవ్వా?"

"దవాఖానల నా మిషన్ గట్లనే జేస్తది. పైపుల బుడగ కనబడ్డదంటే కూత పెట్టి ఆగుతది. సిస్టరమ్మ ఉరికొస్తది."

నా నవ్వు అక్కడే ఆగింది. బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ మీద ఉండే చిన్న చేతిపంపు నొక్కిన. లోపల డీజిల్ నిండి ఉంటే అది గట్టిగ ఉండాలె. ఇది ఖాళీ సంచి లెక్క నలిగింది. ముప్పై సార్లు నొక్కంగ నొక్కంగ గట్టిపడ్డది.

"ఇగ తిప్పు."

ఒక్క దెబ్బకు లేచింది. అవ్వ వంతు అందింది.

ఆమె మిషన్ మీద ఉన్న నాలుగు గంటలు కారు నా షెడ్డుల ఉన్నది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే దారిల లోపల కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి స్టార్ట్ చేసిన. సోడాల లేచినట్టు సన్నటి బుడగలు. ఫిల్టర్ మూత విప్పిన. మూత కింద గాలి చొరకుండ ఆపే రబ్బరు రింగు అణిగి, ఒక పక్క చీలి ఉన్నది.

దాన్ని నేను గుర్తుపట్టిన. దసరాకు ఆ కారుకు సర్వీసింగ్ చేసింది నేనే. కొత్త ఫిల్టర్‌కు ఎంత గట్టిగ బేరమాడిన్నంటే, స్పేర్ పార్టుల దుకాణదారుకు విసుగొచ్చి, "గా రేటుకు రింగు రాదన్నా" అని డబ్బాలకెల్లి రింగు తీసి పక్కన పెట్టుకున్నడు. "పాతదే మంచిగున్నది పో" అని గెలిచినోని లెక్క వచ్చిన. పాతదే బిగించిన.

నా షెడ్డు లాంటి చదును నేల మీద ఆ చీలికతోని పెద్ద నష్టం లేదు. ముక్కు పైకి పెడితే తెల్లారేదాకా డీజిల్ మెల్లగ తోక దిక్కున్న ట్యాంకుకు జారుతది, దాని జాగల రింగు సందుల నుంచి గాలి చొరబడ్తది. దసరాకు రెండు కలిసినయి: నేను బిగించిన పాత రింగు, అవ్వ తిప్పించిన దిక్కు. నేను రెండిట్ల ఒక్కటి కూడ ఆరా తీయలే.

కొత్త రింగు కోసం అదే దుకాణానికి పోయి, చెప్పిన ధర ఇచ్చిన. ఆయన బుగులుపడ్డడు. "ఏమైందన్నా, పానం మంచిగ లేదా?"

రింగు బిగించి, దవాఖాన ముందర తల్లీకొడుకులకు ఉన్నదున్నట్టు చెప్పిన. గ్లో ప్లగ్గుల పైసలు అడగకముందే యాదగిరి చేతుల పెట్టిన. మా బాపు చూస్తే దుకాణం మూసుకునేటోడు. అవ్వ అడిగింది, "ఇగ బండిని పడమరకు తిప్పుమంటవా?"

"వద్దవ్వా. తూర్పుకే పెట్టుర్రి. నా పని సక్కగున్నదో లేదో గప్పుడే తెలుస్తది."

రెండు రోజులకు ఇంకా మంచు విడవకముందే ఫోన్ మోగింది. "ఇను" అన్నది లచ్చవ్వ గొంతు. తాళం తిప్పిన చప్పుడు, ఎంబడే ఇంజన్ నున్నగ అందుకున్న చప్పుడు. ఫోన్ పెట్టేసింది. వాళ్లకు టైమైంది గదా.

ఎప్పటి సంది అని గిరాకీని అడుగుడు నాకు ఎప్పుడూ ఉన్న అలవాటే. అంతకుముందు దీని మీద చెయ్యి వేసిందెవరు అని నన్ను నేను అడుగుడు మాత్రం ఆ కారు నేర్పింది. బేరం మానలేదు, అది నెత్తురుల ఉన్నది. రబ్బరు రింగుల కాడ మాత్రం నోరు మెదపను.