బహ్లాలో మేము కొట్టమన్న బంతి

ఒమన్‌లోని బహ్లాకు చాలామంది కోట చూడటానికి వెళ్తారు. మేము ఇరవై రెండు మందిమి వెళ్ళింది మాత్రం నవీన్ కొట్టే బంతిని చూడటానికి. అల్ అమెరాత్‌లోని మా కంపెనీ క్యాంపులో అతను దిగి అప్పటికి మూడు నెలలు. జగిత్యాల వైపు పిల్లవాడు, డిగ్రీలో ఉండగా కాలేజీ జట్టుకు వాలీబాల్ ఆడాడు. వీసా మీద హెల్పర్ అని రాసి కాంక్రీట్ గ్యాంగ్‌లో వేశారు. ఆటలో అతని స్థానం లిఫ్టర్. తెలియనివారి కోసం చెప్తాను: లిఫ్టర్ నెట్ పక్కన నిలబడి, వచ్చిన బంతిని వేళ్ళ కొసలతో మెత్తగా పైకి లేపి పక్కవాడికి అందిస్తాడు. పక్కవాడు ఎగిరి కొడతాడు. చప్పట్లు వాడికి. మా పాత లిఫ్టర్ గంగారాం అన్న ఇన్నేళ్ళలో ఒక్కనాడూ బంతిని తనే అవతలికి కొట్టి ఎరుగడు. నవీన్ అలా కాదు. లేపుతున్నట్టే చేతులెత్తి, చివరి క్షణంలో అరచేత్తో తనే అవతలికి దంచేవాడు. మొదటిసారి చూసిన రోజు క్యాంపు క్యాంపంతా ఈలలు వేసింది.

నాకైతే అందులో ఆట కంటే పెద్దది కనిపించింది. డ్యూటీ అయ్యాక కరపత్రాలు చదువుకునే అలవాటు నాది. ఎత్తి ఇచ్చేవాడు ఒకడు, పేరు కొట్టేసేవాడు ఇంకొకడు. లోకమంతా ఇదే కదా! మేము లేపిన అంతస్తుల్లో ఎవరుంటున్నారు? ఇన్నాళ్ళకు ఎత్తేవాడే కొడుతున్నాడు. ఆ మాటే క్యాంపు వాట్సాప్ గ్రూపులో రాశాను: ‘ఎత్తిన చేయే కొట్టాలి! చలో బహ్లా!’ రూమ్‌లో నన్ను లీడర్ అని పిలుస్తారు, సగానికి సగం వెక్కిరింతే. ఆ రోజు మాత్రం ఎవడూ వెక్కిరించలేదు. గంటలో బస్సు నిండింది.

నవీన్ లెక్క వేరు. శుక్రవారం బహ్లా జట్టుతో జరిగే పోటీలో కప్పు తెస్తే అతన్ని కాంక్రీట్ నుంచి తీసి స్టోర్‌లో వేస్తానని ఫోర్‌మన్ అందరి ముందూ మాట ఇచ్చాడు. ఆఫీసు అద్దాల బీరువాలో కప్పు పెట్టుకోవాలని కంపెనీవాళ్ళ సరదా. స్టోర్ అంటే నీడ, ఫ్యాను, చేతికి రిజిస్టరు. ఓడితే మళ్ళీ తడి సిమెంటే. ఇది అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

మా దగ్గర డ్యూటీ కాయడం అని ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా ఆసుపత్రి పనో పాస్‌పోర్టు పనో పడితే, వాడి పనిని మిగతావాళ్ళు పంచుకుని చేస్తారు. వాడికి ఆబ్సెంటు పడదు. పోటీకి ముందు, గురువారం నాడు, నవీన్ విశ్రాంతి తీసుకోవాలని అయిదుగురం అతని డ్యూటీ కాశాం. సాయంత్రం రెండు గంటలు నా వంతు. గ్యాంగ్‌లో ఇచ్చిన రబ్బరు గ్లౌజులకు వేళ్ళ దగ్గర చిల్లులు. తడి సిమెంటు లోపలికి దిగి, రెండు గంటలకే నా చేతులు మంటలెత్తాయి. కడుక్కున్నాను, కొబ్బరినూనె రాసుకున్నాను, మరిచిపోయాను. ఆ మరుపు సంగతి తర్వాత చెప్తాను.

కాసినవాళ్ళం ఊరికే కాయలేదు. రాత్రి అన్నాల దగ్గర ఒక్కొక్కరూ అతని భుజం చరిచారు.

“వారీ నవీను, నడుం ఇరగ నీ డ్యూటీ చేసిన. నా పేరు మీద ఒకటి కొట్టాలె.”

“నాకు రెండు. నేను మూడు గంటలు చేసిన.”

“కొడ్త అన్న, అందరికీ కొడ్త,” అని నవ్వాడు నవీన్.

శుక్రవారం పొద్దున ఆరింటికి బయలుదేరాం. బస్సును రూవిలో మాట్లాడుకున్నాం, రానూపోనూ మనిషికి మూడు రియాళ్ళు. విడిగా వెళ్ళేవాళ్ళు రూవి నుంచి నిజ్వాకు ప్రభుత్వ బస్సెక్కి, అక్కడ బహ్లాకు షేర్ టాక్సీ పట్టుకోవచ్చు. నిజ్వా నుంచి ముప్పావు గంట కూడా పట్టదు. మా డ్రైవర్ కడప మనిషి, ఖాజా భాయ్. ఒమన్ రోడ్ల మీద నెత్తి నెరిసినవాడు. నేను నినాదాలు మొదలుపెట్టగానే అద్దంలోంచి చూశాడు.

“ఏమప్పా లీడర్ సాబ్, మనం ఆటకు పోతాండామా, ఓట్లకు పోతాండామా?”

“హక్కులకు పోతున్నం భాయ్!”

“అట్లనా! అయితే హక్కులోల్లంతా కిటికీలు మూసుకోండి, ఏసీ బయటికి పోతాంది.”

ఫంజా దాటాక రోడ్డుకు రెండు వైపులా గడ్డిపోచ లేని కొండలు, మధ్య మధ్య ఖర్జూరపు తోటల పచ్చటి గీత. చలికాలం కాబట్టి ఎండ నొప్పించలేదు. నిజ్వాలో టీకి ఆగాం. వంద బైజాలకు, అంటే రియాల్‌లో పదో వంతుకు, కాగితం గ్లాసు నిండా కడక్ చాయ్. తొమ్మిదిన్నరకు బహ్లా. కోట మట్టిదే అయినా కొండంత ఉంది. టికెట్ ధర చూసి సగం మంది బయటే ఫోటోలు దిగారు. ఆ గోడకు మట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదైనా ఉన్నాయా అని వెతికాను. లేవు. ఆ కోపంలోనే అందరినీ గోడ ముందు నిలబెట్టి పిడికిళ్ళు ఎత్తమన్నాను. ఇరవై పిడికిళ్ళు లేచాయి. నవీన్ చేతులు మాత్రం జాకెట్ జేబుల్లోంచి రాలేదు. కాలేజీ దర్జా అనుకున్నాను.

భోజనం బహ్లాలోనే పనిచేసే లింగం అన్న రూమ్‌లో. మెట్‌పల్లి మనిషి. మేము వస్తున్నామని తెల్లవారుజామునే లేచి బగారన్నం, మటన్ కూర చేశాడు. ఖాజా భాయ్ నమాజుకు వెళ్ళి వచ్చేవరకు ఆగి, కింద ప్లాస్టిక్ పరిచి అందరం కూర్చున్నాం. నవీన్ చెంచా అడిగాడు.

“చెంచానా?” లింగం అన్న గరిటె ఆపేశాడు. “ఏం తమ్మీ, నా కూర చేత్తోని ముట్టరానిదా?”

“గది కాదన్న...”

“కాలేజీ దొర గద అన్న, చెయ్యి ఖరాబైతది,” అన్నాను నేను. అందరూ పడీ పడీ నవ్వారు. నవీన్ కూడా నవ్వాడు. లింగం అన్న అలుగుతూనే డబ్బాలోంచి ఒక ప్లాస్టిక్ చెంచా తీసి ఇచ్చాడు. మటన్ అద్భుతం. కారం కళ్ళలో నీళ్ళు తెప్పించింది.

ఆట మూడున్నరకు. ఊరి అంచున ఒక తోట పక్కన కంకర ఏరేసి చదును చేసిన నేల, సున్నంతో గీతలు. బహ్లా జట్టులో సగం మనవాళ్ళు, సగం తోటల్లో పనిచేసే పంజాబీలు. మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్ళకు కప్పు. మేము సర్వీస్ గీత వెనక గుంపుగా నిలబడ్డాం. అక్కడి నుంచి మా ఆటగాళ్ళ వీపులు కనిపిస్తాయి, అరిస్తే బాగా వినిపిస్తుంది.

మొదటి సెట్ పండగ. నవీన్ చేతులు ఎత్తడం, అవతలివాళ్ళు ఎగిరి కొట్టే మా పెద్ద షూటర్ మల్లేశ్ అన్న వైపు పరుగెత్తడం, నవీన్ ఖాళీ చోటులో దంచడం. ప్రతి దెబ్బకూ ఎవడో ఒకడు “అది నాది! గురువారం పొద్దటి డ్యూటీది!” అని ఎగిరాడు. ఇరవై అయిదు – పదిహేడు. కప్పు మా బస్సెక్కినట్టే అనుకున్నాం.

రెండో సెట్‌లో పంజాబీ కెప్టెన్‌కు కిటుకు అందింది. మల్లేశ్ అన్నను వదిలేసి, ఒక పొడుగువాణ్ణి నవీన్ ఎదురుగా పాతేశాడు. దంచిన బంతి దంచినట్టే మా వైపే పడసాగింది. అప్పుడు చేయవలసిందల్లా బంతిని లేపి మల్లేశ్ అన్నకు ఇవ్వడం. నవీన్ రెండుసార్లు లేపాడు. రెండుసార్లూ బంతి చేతుల్లో తడబడి వంకరగా లేచింది, చేతికి రెండుసార్లు తగిలింది, డబుల్ టచ్ అని రెఫరీ ఈల వేసి పాయింటు అవతలివాళ్ళకు ఇచ్చాడు. రెండోసారి రెఫరీ బంతిని తీసుకుని చూసి, జేబులోంచి గుడ్డ తీసి తుడిచి ఇచ్చాడు. దుమ్ము అనుకున్నాను. ఆ సెట్ పోయింది.

మూడో సెట్ పదిహేను పాయింట్లకు. పదమూడు – పదమూడు దగ్గర బంతి నవీన్ నెత్తి మీదికి చక్కగా వచ్చింది. మల్లేశ్ అన్న అప్పటికే పరుగు అందుకున్నాడు, అతని ఎదురుగా ఎవడూ లేడు. గంగారాం అన్న గీత పక్కనుంచి గొంతు చించుకున్నాడు.

“లేపు బిడ్డా! మల్లేశుకు లేపు!”

ఆ గొంతును మా గొంతులు మింగేశాయి. “నువ్వే కొట్టు! నువ్వే కొట్టు!” మొదట మొదలుపెట్టింది నేనే. నవీన్ ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. కొట్టాడు. పొడుగువాడి చేతులకు తగిలి మా వైపు గీత లోపలే పడింది. తర్వాతి బంతి లేపాడు. ఎవరూ అరవకముందే, రెండు చేతుల పది వేళ్ళతో లేపాడు. ఈల పడింది. డబుల్ టచ్. కప్పు బహ్లాలోనే ఉండిపోయింది.

తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను. రాయకపోతే నా రాతలకు అర్థం లేదు.

“నీ డ్యూటీ చేసి నా నడుం ఇరిగింది రా!”

“లిఫ్టర్‌వి, లిఫ్ట్ చేసుడు రాదా? షోకులకు వచ్చినవా?”

“కొట్టు కొట్టు అన్నది మీరే గద,” అన్నాడు మల్లేశ్ అన్న ఒక్కడే. ఎవరూ వినలేదు. నేనూ నోరు మూసుకున్నాను. ఊళ్ళో అన్యాయం జరిగితే నేను నోరు మూసుకునే రకం కాదని మా రూమ్ గోడ మీద నేనే రాసుకున్నాను.

అయిదున్నరకు తిరుగు ప్రయాణం. నవీన్ డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాడు. పొద్దున పాటలు పాడిన బస్సులో ఇప్పుడు ఏసీ చప్పుడు. నిజ్వాలో పొరోటాలకు ఆగాం. నవీన్ దిగలేదు. ఖాజా భాయ్ ఒక ప్లేటులో పొరోటాలు సన్నగా తుంచి, కూర పోసి, చెంచా వేసి బస్సులోకి తీసుకెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను, ఏదో పెద్ద మాట చెప్పి ఓదార్చాలని.

“అన్నం కాడ చెంచా చూసి నవ్వితివి గదప్పా,” అన్నాడు ఖాజా భాయ్ నాతో. “చెయ్యి చూస్తివా? నేను మధ్యాన్నం కుళాయి కాడ చూసినా. చూపియ్ బేటా. లీడర్ సాబ్ చదువుకున్నోడు, చదువుతాడు.”

నవీన్ చేతులు తిప్పి పెట్టాడు. పది వేళ్ళలో ఎనిమిదింటి కొసలు చీలి ఉన్నాయి. సిమెంటు తిన్న చర్మం బెరడులా గట్టిపడి, పగుళ్ళలో ఎర్రగా మాంసం. రెండింటి నుంచి ఇంకా రక్తం కారుతోంది.

“లేపితే వేళ్ళు మండుతయన్న,” అన్నాడు మెల్లగా. “అరచేత్తోని కొడితే మండది. అందుకే కొట్టుడు షురూ చేసిన. మీరు విజిల్లేసిర్రు.”

“మాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఆడనిస్తరా? ఆడకపోతే స్టోర్ ఏడికెళ్ళి వస్తది?”

గురువారం రెండు గంటల్లో నా చేతులు మండిన మంట అప్పుడు గుర్తొచ్చింది. అతనికి అది మూడు నెలలు. చేతిలో పెట్టి చూపించినా నేను చదవలేదు, కొబ్బరినూనె రాసి చెరిపేసుకున్నాను.

శనివారం పొద్దున ఫోర్‌మన్ నవీన్‌ను చూసి “స్టోర్ సంగతి మల్ల సూద్దాం” అని ముందుకు వెళ్ళిపోయాడు. వేళ్ళు చూపించి మందు ఇప్పించమని నేను గొడవపడ్డాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. కనీసం ఆ వారం నవీన్ డ్యూటీ నేను కాస్తానన్నాను. నవీన్ గ్లౌజులు తొడుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు.

“వద్దన్న. మల్ల ఏం కొట్టమంటరో.”

కోపం ఎవరి మీద చూపాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చిల్లుల గ్లౌజులు ఇచ్చిన కంపెనీ మీద ఉంది, అది ఎలాగూ పోదు. ఒక మనిషి చర్మాన్ని కప్పు కోసం పందెం ఒడ్డిన ఫోర్‌మన్ మీద ఉంది. కానీ కంపెనీ అతన్ని మూడు నెలలు కాంక్రీట్‌లో ముంచితే, మేము ఒక్క సాయంత్రం బంతికి కట్టేశాం. నొప్పి నుంచి తప్పించుకోవడానికి అతను వెతుక్కున్న దారికి నేను తిరుగుబాటు అని పేరు పెట్టాను, నినాదం రాశాను, బస్సెడు గొంతులు పోగుచేశాను. ఎత్తిన చేయే కొట్టాలి అన్నవాణ్ణి, ఆ చేయి ఎలా ఉందో ఒక్కసారి చూడలేదు. మనవాణ్ణి మనమే వాడుకోవడం గురించి నా దగ్గరున్న కరపత్రాల్లో ఎక్కడా రాసి లేదు. రాయాల్సి ఉంది.

బహ్లాకు ఆట కోసం వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. చలికాలం శుక్రవారాల్లో ఆట మూడున్నరకు మొదలవుతుంది, మూడింటికే చేరుకోండి. సర్వీస్ గీత వెనక గుంపులో నిలబడకండి, అక్కడి నుంచి వీపులే కనిపిస్తాయి. నెట్ స్తంభం పక్కన చోటు పట్టుకోండి. అక్కడ అరుపులు తక్కువ. లిఫ్టర్ వేళ్ళు కనిపిస్తాయి.