పెరిగే చేపకు జమాల్ సాబ్ కొలత

గుంతకల్లులో జమాల్ సాబ్‌కు రంగుచేపల అంగడి ఉంది. ఆయనకున్న జబ్బల్లా ఒకటే: చేపలు అమ్మడు.

బొత్తిగా అమ్మడని కాదు. ఎవరైనా వచ్చి "సాబ్, ఆ చేప ఎంత?" అంటే ధర చెప్పడు. "మీ తొట్టి ఎంత?" అని ఎదురడుగుతాడు. పొడవు చెబితే వెడల్పు అడుగుతాడు. వెడల్పు చెబితే అందులో ఇప్పటికే ఎవరెవరు కాపురం ఉంటున్నారని అడుగుతాడు. మేత వేసేదెవరు, కొళాయి నీళ్లు పట్టినవి పట్టినట్టే పోస్తారా లేక నిలవబెట్టి పోస్తారా, అద్దం మీద టకటక కొట్టే పిల్లలున్నారా... ఇవన్నీ అయ్యాక, "ఇంటికొచ్చి చూసి చెప్తాలేప్పా" అంటాడు. మా వైపు పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇంత విచారించరు. పిల్లవాడికి రైల్వేలో ఉద్యోగమని తెలిస్తే సగం ప్రశ్నలు గొంతులోనే మింగేస్తారు.

ఆయన అంగడికి ఎదురుగా ఉన్న టైలరు అంగడి నాది. నా పేరు కుళ్లాయప్ప. ఈ కథలో నాకంటే నా టేపుకే పని ఎక్కువ. ఎవరింటికైనా తొట్టి చూడడానికి బయలుదేరితే జమాల్ సాబ్ ముందు రోడ్డు దాటి నా దగ్గరికొస్తాడు, నా మెడలోని గుడ్డ టేపు తీసి తన మెడలో వేసుకుంటాడు, చెప్పాపెట్టకుండా పోతాడు. తిరిగొచ్చేసరికి అది నీళ్లోడుతూ చేప కంపు కొడుతూ ఉంటుంది.

"సాబ్, ఒక టేపు కొనుక్కుంటే నీ సొమ్మేం పోతాది?"

"నీది ఉండంగా నాకెందుకప్పా?"

"నాకు పని ఆగిపోతాంది!"

"చేప పని ఆగకూడదు. చొక్కా లేకుండా మనిషి ఒకపూట ఉంటాడు. నీళ్లు లేకుండా చేప ఉంటాదా?"

నేను గొణుక్కుంటూ టేపును ఎండలో ఆరేసుకునేవాణ్ని. పైగా ఆ మధ్య, ఎప్పుడో రాసిపెట్టుకున్న కొలతలతో నేను కుట్టిన చొక్కాలన్నీ వదులుగా రావడం మొదలైంది. "ఏం కుళ్లాయప్పా, ఇందులో ఇంకొకరికి గూడా చోటు పెట్టినావా?" అని జనం ఎగతాళి చేశారు. చూపు మందగించిందేమోనని నేను కళ్లద్దాలు మార్పించుకున్నాను.

ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు వచ్చాడు. కొత్త సోఫాకు రంగు కలిసేలా రెండు ఆస్కారు చేపలు, వాటి పక్కన అందానికి కొన్ని బంగారు చేపలు కావాలన్నాడు.

"సార్, ఆస్కారు పక్కన బంగారు చేపను పెట్టేదీ, పాలచెంబుకు పిల్లిని కాపలా పెట్టేదీ ఒకటే" అన్నాడు జమాల్ సాబ్.

"చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే అలవాటు పడవా?"

"పడతాయి సార్. ఒకటి తినేదానికి అలవాటు పడతాది. ఇంకొకటి తినిపించుకునేదానికి."

"పోనీ ఆస్కార్లే ఇయ్యి. తొట్టి చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉంటుందట కదా?"

"చిన్న చెప్పులు తొడిగితే మీ కాలు చిన్నదైతాదా సార్? వంకర పోతాది అంతే."

మేనేజరు తన చెప్పుల వైపు ఒకసారి చూసుకొని, ముఖం మాడ్చుకొని వెళ్లిపోయాడు. తరువాత వేరే ఊళ్లో కొనుక్కున్నాడని విన్నాను.

ఇంకోసారి మా వీధి హనుమంతమ్మ వచ్చింది. మా ఊళ్లో కొళాయి నీళ్లు మనకు బుద్ధి పుట్టినప్పుడు రావు, వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. అందుకని ఇంటింటికీ నేలలో నీళ్ల సంపు, ఆ సంపులో దోమపిల్లల్ని తినడానికి నాలుగు చేపలు మామూలే. ఆవిడ ఆస్కారును చూపించి, "సాబన్నా, అది ఇయ్యి. చిన్నవి చిన్నగా తింటాయి. పెద్దదైతే ఒక్కటే అన్నీ మింగుతాది" అంది.

"ఏనుగును తెచ్చి చీమలేరిపిస్తావా అక్కా? గాలి సోకని చోట దానికి ఊపిరాడదు. పైగా అది నీ సంపులో ఏమేం చేస్తాదో తెలిస్తే నువ్వు ఆ నీళ్లు తాగవు" అని జమాల్ సాబ్ గుప్పెడు గప్పీ చేపల్ని కవర్లో పోసి ఊరికే ఇచ్చేశాడు. అమ్మాల్సినవి అమ్మడు, అమ్మగలిగినవి దానం చేస్తాడు. ఇట్లాంటి వ్యాపారం చేసి మనిషి ఎట్లా బతుకుతున్నాడా అని వీధివీధంతా ఆశ్చర్యపోయేది.

ఇట్లా సాగుతుండగా శ్రీరంగప్ప వచ్చి పడ్డాడు. జమాల్ సాబ్ అంగడి గది ఆయనదే. బజారులో ఆయన కొత్తగా లాడ్జి కట్టాడు. కింద పెళ్లిళ్లకు హాలు. వాస్తు చెప్పిన మనిషెవరో, గుమ్మానికి ఎదురుగా అరోవానా చేప ఉంటే కలిసొస్తుందన్నాడట. అది కత్తిలాగా సాపుగా, వెండి పొలుసులతో మెరుస్తూ ఉండే చేప. జమాల్ సాబ్ దగ్గర జానెడు పిల్ల ఒకటి ఉంది.

"సాబ్, ఆ అరోవానా నాకు కావల్ల. దాని జతకు రెండు ఆస్కార్లు, చుట్టూ బంగారు చేపలు. కలర్‌ఫుల్‌గా ఉండల్ల."

"తొట్టి ఎంత సామీ?"

"మూడడుగులు. బెంగళూరు నుంచి తెప్పిచ్చినా."

జమాల్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. "సామీ, ఆ చేపే మూడడుగులు పెరుగుతాది. వెనక్కి తిరగల్లంటే బయటికొచ్చి, మీ లాడ్జిలో తిరుక్కొని, మళ్లా తొట్టిలేకి దూకల్లనా?"

"ఇప్పుడు జానెడే కదప్పా ఉండేది!"

జమాల్ సాబ్ నన్ను కేకేశాడు. "కుళ్లాయప్పా, బడి పిల్లోళ్లకు ప్యాంటు కుట్టేటప్పుడు కింద గుడ్డ లోపలికి మడిచి కుడతావు కదా. ఎందుకు?"

"పెరిగేకొద్దీ విప్పుకునేకి."

"విన్నారా సామీ? అద్దానికి మడత పెట్టేకి కాదు. అందుకే ముందే పెద్దది కట్టల్ల. ఈ చేపకు ఎనిమిదడుగులు కావల్ల, వెడల్పు తిరుక్కునేంత. బంగారు చేపలు మాత్రం వద్దే వద్దు."

శ్రీరంగప్పకు తన మాటకు ఎదురు చెప్పించుకునే అలవాటు లేదు. "చేప నీదైతే అంగడి నాది. ఇయ్యకపోతే నెలాఖరుకు ఖాళీ చెయ్" అనేసి కారెక్కాడు.

నేలంతా ఎప్పుడూ నీళ్లు కారే అంగడికి ఊళ్లో ఇంకెవడు గది బాడుగకిస్తాడు? అన్ని తొట్లు, అన్ని చేపలు ఎత్తుకొని ఈ మనిషి ఎక్కడికి పోతాడు? "సాబ్, ఒక్క చేప. ఇచ్చేయ్. కళ్లు మూసుకో" అని బతిమాలాను.

"నేను మూసుకుంటా కుళ్లాయప్పా. చేపకు రెప్పలుండవు. అది యాడ మూసుకుంటాది?"

ఇట్లాంటి మనిషితో స్నేహం చేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

శ్రీరంగప్పేం ఊరుకుంటాడా? బెంగళూరుకు మనిషిని పంపి అరోవానాను, ఆస్కార్లను, బంగారు చేపలను రైల్లో తెప్పించాడు. లాడ్జి ప్రారంభానికి నన్నూ పిలిచారు, కిటికీ తెరలన్నీ నేనే కుట్టాను కాబట్టి. వెళ్లేసరికి గేటు బయట గోడ మీద జమాల్ సాబ్ కూర్చొని ఉన్నాడు. పక్కన మూత ఉన్న నీళ్ల డ్రమ్ము, భుజాన తడి తువ్వాలు, మెడలో నా టేపు.

"ఏం సాబ్, పిలవని పేరంటానికి?"

"పేరంటం మీరు చేసుకోండప్పా. తొట్టికి మూత తీసేసి పూలదండలు కట్టినారని విన్నా. అది ఎగిరే జాతి."

లోపల చూస్తే తొట్టికి పసుపు, కుంకుమ, నాలుగు వైపులా బంతిపూలు. బంగారు చేపలు మాత్రం కనబడలేదు. ముహూర్తానికి ముందే ఆస్కార్లు ఫలహారం కానిచ్చినట్టున్నాయి. రెండూ బరువుగా ఒక మూల నిలబడి అరాయించుకుంటున్నాయి. పట్టుచొక్కాలో శ్రీరంగప్ప చేతులు జోడించాడు. పురోహితుడు తొట్టి పక్కనే పీట మీద కూర్చొని మంత్రం ముగించి, "కొట్టండి" అన్నాడు. ఒకాయన తొట్టికి ఎదురుగా రాయి మీద ఠాప్ మని టెంకాయ కొట్టాడు.

ఆ చప్పుడుకు అరోవానా నిలువునా గాల్లోకి లేచింది. వెండి గొలుసు విసిరినట్టు మెరిసి, దండలు దాటి, సరాసరి వచ్చి పురోహితుడి ఒళ్లో పడింది.

వెనకనుంచి ఎవరో ఆడమనిషి "అయ్యో, అపశకునం!" అంది. శ్రీరంగప్ప ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ మాట ఒక్కసారి ఊళ్లో పాకితే ఆ హాలులో పెళ్లి కాదు కదా, చెవులు కుట్టించడానికి కూడా ఎవరూ రారు.

జనాన్ని తోసుకుంటూ జమాల్ సాబ్ వచ్చాడు. తడి తువ్వాల్లో చేపను చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని డ్రమ్ములో వదిలాడు. అది కదిలేదాకా చూశాడు. అప్పుడు జనం వైపు తిరిగాడు. అయిపోయింది, ఇప్పుడు శ్రీరంగప్పకు నడిబజారులో పాఠం చెబుతాడు అనుకున్నాను. చేపల సంగతిలో ఆయన దేవుడికి కూడా మొహమాటపడే రకం కాదు.

"అపశకునం ఎట్లయితాదమ్మా?" అన్నాడు గట్టిగా. "అరోవానా ఉత్తగా ఎగరదు. కొత్తింట్లో పెద్దలకు సలాం చేసేకి ఎగురుతాది. మొదటి సలాం అయ్యగారికే చేసింది, చూడలేదా?"

తడిసిన పంచె పిండుకుంటున్న పురోహితుడు ఒక్క క్షణం ఆలోచించి, "శుభం, శుభం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చేపల గురించి జమాల్ సాబ్ అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే. నాకు ఆయన్ను అక్కడే కావలించుకోవాలనిపించింది, చేప కంపుకు వెనకాడాను.

"పెద్ద తొట్టి అయ్యేదాకా చేపలన్నీ మా యింట్లో ఉంటాయి సామీ" అన్నాడు జమాల్ సాబ్. శ్రీరంగప్పకు ఆ అబద్ధం చేసిన మేలు అర్థమైంది కానీ అనుమానం పోలేదు. ఎక్కడ పెడతాడో తానే చూస్తానని వెంట వచ్చాడు. నేనూ కారెక్కాను. ఇన్నేళ్ల స్నేహంలో ఆ ఇంటి లోపలికి నేను ఎప్పుడూ పోలేదు, ఆయనే ఎప్పుడూ పిలవలేదు. ఎందుకో లోపలికి అడుగుపెట్టగానే తెలిసింది: పిలిస్తే కూర్చోవడానికి చోటు లేదు.

ఉన్నవి రెండే గదులు. ముందు గది మొత్తం సిమెంటు తొట్టి. గోడ నుంచి గోడ దాకా నీళ్లు, నీళ్లనిండా చేపలు. మూరెడువి, రెండు మూరలవి. మధ్యలో వలలు కట్టి పోట్లాడేవాటిని వేరుచేశాడు. వెనక గది వంటకూ మేత డబ్బాలకూ పోగా, ఆయన భార్య రహమత్‌బీ మంచం వరండాలో ఉంది.

"రాండన్నా, చూడండి" అని ఆవిడ సంబరంగా మమ్మల్ని తొట్టి దగ్గరికి పిలిచింది. "ఈయన పెండ్లిచూపులకు వచ్చినప్పుడు నన్ను చూడలేదు, మా యింటి నీళ్లతొట్టి కొలిచినాడు. మా నాయన అప్పుడే అన్న్యాడు, పిల్ల వరండాలో పడుకోవల్ల అని."

"ఇన్ని చేపలు ఎందుకమ్మా?" అన్నాను.

"అన్నీ పారేసినవే. జానెడున్నప్పుడు ముద్దుగా తెచ్చుకుంటారు, మూరెడైనంక కాలవలో వేస్తారు. ఈయన పోయి అడుక్కొని తెస్తాడు. ఎవరింటి నుంచి వస్తే వాళ్ల పేరే పెడతాడు. ఇది బ్యాంకు మేనేజరు, మేతకు ముందుంటాడు. అదిగో, ముదిగుబ్బ డాక్టరు, ఎవరినీ ముట్టుకోడు. ఆ మూలలో నల్లగా లావుగా ఉండాదే ఆస్కారు, అది శ్రీరంగప్ప."

జమాల్ సాబ్ గట్టిగా దగ్గాడు. రహమత్‌బీ పట్టించుకోలేదు. వచ్చిన పెద్దమనిషి ఎవరో ఆవిడకు తెలియదు.

"శ్రీరంగప్పతో యమ కష్టమన్నా. ఆ మూల నాదంటే నాదంటాడు. ఎవరొచ్చినా ఖాళీ చేయమని పొడుస్తాడు. కానీ మనసు మంచిదే, చేత్తో మేత పెడితే బిడ్డ మాదిరి వస్తాడు."

నేను గోడ వైపు తిరిగి కొత్త కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాను. శ్రీరంగప్ప తొట్టి మీదికి వంగాడు. "ఇది... మా పాపకు తెచ్చింది కాదూ? డ్రైవరును కాలవలో వేసి రమ్మన్న్యా."

"దావలో నేను అడుక్కున్యా సామీ" అన్నాడు జమాల్ సాబ్, దొంగతనం పట్టుబడినట్టు.

అప్పుడే నీళ్లలోని శ్రీరంగప్ప పైకొచ్చి, బయటి శ్రీరంగప్పను ఒకసారి పరీక్షగా చూసి, పట్టుచొక్కా మీద నోటినిండా నీళ్లు చిమ్మింది. రహమత్‌బీ "అరె, కొత్తోళ్లని గూడా చూడడు!" అని కొంగు అందించింది.

శ్రీరంగప్ప మొదట బిగుసుకున్నాడు. తరువాత ఆయన పొట్ట కదిలింది. తరువాత భుజాలు. ఆయన నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "నా అరోవానాను దీని పక్కన వదిలితే బతకనిస్తాదా సాబ్?" అన్నాడు.

"ఇప్పుడు పక్కన వల కడతా. సమానంగా పెరిగినంక వల తీసేస్తా. ఇద్దరికీ తిరుక్కునేంత చోటుంటే ఎవరూ ఎవరినీ పొడవరు సామీ."

శ్రీరంగప్ప గడప దాటుతూ వెనక్కి తిరగకుండానే అన్నాడు: "అంగడి ఖాళీ చేసే మాట మరిచిపో. రేపొచ్చి లాడ్జి గోడ కొలువు. ఎనిమిదడుగులు. అంతకు అంగుళం గూడా ఎక్కువ ఇయ్యను."

మర్నాడు పొద్దున్నే జమాల్ సాబ్ రోడ్డు దాటి వచ్చి నా మెడలోకి చెయ్యి పెట్టాడు. నేను ఆయన కోసమని కొన్న కొత్త టేపు తీసి సంతోషంగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని నా పాత టేపు పక్కన పట్టి చూశాడు. పాతది రెండు వేళ్లు పొడుగు తేలింది. తల అడ్డంగా ఊపి కొత్తది తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నువ్వుంచుకో. నాకు పాతదే ఇయ్యి."

"ఎందుకు సాబ్? అది తడిసి తడిసి సాగిపోయినట్టుంది కదా!"

"అందుకేనప్పా" అన్నాడు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి. "ఊళ్లో అందరూ నేను చెప్పిన కొలతకు అంగుళం గూడా ఎక్కువ కట్టరు. దీంతో ఎనిమిదడుగులని గీత గీస్తే, చేపకు ఇంకో బెత్తెడు ఎక్కువ దక్కుతాది."

వదులు చొక్కాలు, ఎగతాళి మాటలు, అనవసరంగా మార్పించుకున్న కళ్లద్దాలు అన్నీ ఒకేసారి గుర్తుకొచ్చాయి. తిడదామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. కొత్త టేపు నా మెడలో వేసుకున్నాను. పాతదాన్ని ఇస్త్రీ నీళ్ల బకెట్లో బాగా ముంచి, రెండు చేతులా గట్టిగా లాగి, ఆయన మెడలో వేశాను.