ఒకరోజు ముందే పేర్చిన బతుకమ్మ

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. కోడలు విసుక్కుంటూ నేర్పింది, నేను తిట్టుకుంటూ నేర్చుకున్నాను. మొదట చదివింది పెద్ద పుస్తకమేమీ కాదు, వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్.

అంతకుముందు పండుగలు నాకు కళ్లతో, చెవులతో తెలిసేవి. మోదుగ ఎర్రబడితే కాముని పున్నమి. వేప పూస్తే ఉగాది. వానలు పడి నాట్లు మొదలైతే పోచమ్మకు బోనం వండాలి. పీరీల పండుగ ఏటేటా ముందుకు జరుగుతూ ఉంటుంది గనుక దానికి డప్పే గుర్తు. వాడ చివరి ఇంటివాళ్లు గుమ్మానికి కాగితం చుక్క కట్టారంటే క్రిస్మస్ వచ్చినట్టు. వాళ్ల కేకు మా ఇంటికి వస్తుంది, మా సకినాలు వాళ్లింటికి పోతాయి.

బతుకమ్మకు మాత్రం లెక్క కావాలి. పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య నాడు, మొదటి బతుకమ్మ పేర్చి, కిటికీలో ఒక చింతగింజ పెట్టేదాన్ని. రోజుకొకటి. తొమ్మిదో గింజ పెట్టిన రోజే ఆఖరిది, సద్దుల బతుకమ్మ. ఈ పద్ధతి మా యారాలికి నేర్పింది నేనే. యారాలంటే మా మరిది భార్య, గోడకు అటువైపే ఉంటుంది.

చదువు రాగానే నా గింజలు ఊడ్చి పారేశాను. "పండుగ ఎప్పుడు పెద్దవ్వా?" అని వాడవాళ్లు వచ్చి అడిగేవారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని, అడిగినవాళ్లను కాసేపు నిలబెట్టి చెప్పేదాన్ని. ఆ నిలబెట్టడం నాకు మహా ఇష్టం. అరవై ఏళ్లు నేను చీటీ పట్టుకుని ఇతరుల గుమ్మాల ముందు నిలబడినదాన్ని మరి.

పోయిన ఏడాది కూడా అలాగే చూసి, "రేపే సద్దులు" అని చెప్పాను.

యారాలు కిటికీలోంచి తల పెట్టింది. "అక్కా, ఇయ్యాలటికి ఏడే గింజలున్నయి. సద్దులు ఎల్లుండి గదా?"

"నీ చింతగింజలకు ఏమెరుక? గిది అచ్చేసిన కాగితం."

"గింజలు పెట్టుడు నువ్వే నేర్పితివి."

"అప్పుడు నాకు సదువు లేకుండె."

మరునాడు కోడి కూయకముందే వాడంతా లేపాను. గట్ల వెంట తిరిగి గునుగు, తంగేడు తెచ్చాం. మధ్యాహ్నానికల్లా మా అరుగు మీద నాలుగు బతుకమ్మలు లేచాయి. పైన పసుపు గౌరమ్మలను పెట్టాం. నువ్వుల పొడి, పల్లీల పొడి దంచి డబ్బాల్లో నింపాం. అప్పుడు పంచాయతీ మైకు మోగింది.

"రేపు సాయంత్రం సద్దుల బతుకమ్మ. చెరువు కాడ లైట్లు పెడుతున్నం. అక్కచెల్లెండ్లు అందరు రావాలె."

అందరూ నావైపే చూశారు.

"నిద్రల నుంచి గుంజుకచ్చినవు గదా పెద్దవ్వా!" అంది పక్కింటి కోడలు నడుం పట్టుకుని.

యారాలు దోసిట్లో గింజలు తెచ్చి నా ముందు పోసింది. "లెక్కవెట్టు. సదువుకున్నదానివి."

ఎనిమిది.

క్యాలెండర్ అచ్చేసినవాళ్లను తిట్టాను. తర్వాత దాన్ని మేకు మీంచి తీసి కంటి దగ్గర పెట్టుకున్నాను. పెద్ద అక్షరాల కింద చీమ తలకాయంత అక్షరాలు ఉన్నాయి: కొన్ని ఊళ్లలో మరునాడు. తప్పు నాదే. చిన్న అక్షరాలు చదవడానికి నాకు చాలాసేపు పడుతుంది, అందుకని ఎప్పుడూ వదిలేసేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తంగేడు తెల్లారేసరికి వాడిపోతుంది. అది ఒక బాధ. రేపటి నుంచి నన్ను తారీఖు అడిగేవాళ్లు ఉండరు. నిజం చెప్పాలంటే ఆ బాధే పెద్దది.

ఎవరితోనైనా చెప్పుకుందామని ఎల్లారెడ్డిలో ఉన్న బిడ్డకు ఫోన్ చేశాను. అది నా గోడు వినకుండా తన గోడు మొదలుపెట్టింది. "మా దిక్కు ఇయ్యాల్నే సద్దులమ్మా. తంగేడే దొరుకుతలేదు. బంతిపూలతోని జానెడు పేర్చిన, సిగ్గయితుంది."

ఫోన్ పెట్టేసి, "చీరలు మార్చుకోండ్రి, ఎల్లారెడ్డి పోదాం" అన్నాను.

"బతుకమ్మలతోనా?"

"ఆడోళ్లకు బస్సు పైసల్లేకుండ ఊకెనే గదా!"

ఐదుగురం, నాలుగు బతుకమ్మలు. కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సెక్కాం. తాంబాలాలు ఒళ్లో పెట్టుకుంటే మా మొహాలు పూల వెనక దాక్కున్నాయి.

కండక్టర్ వచ్చి, "అవ్వా, వీటికి టికెట్ ఎట్ల కొట్టాలె?" అన్నాడు.

"గౌరమ్మ ఆడామె గాదా బిడ్డా? జీరో టికెట్ కొట్టు."

"ఆధార్ కార్డు అడగకు, తల్లికి లేదు" అంది యారాలు. బస్సంతా నవ్వింది. పొద్దుటి నుంచి ఆమె నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "పట్టుండ్రి, పట్టుండ్రి!" అని అరుపులు. ఒక బతుకమ్మ పక్కకు ఒరిగింది. దాని గౌరమ్మ యారాలి కొంగులో ప్రయాణం చేసింది.

ఎల్లారెడ్డిలో మా తంగేడు చూసి బిడ్డ వాడకట్టు ఆడవాళ్లు జరిగి మాకు నడుమ చోటిచ్చారు. వాళ్ల చప్పట్లు మాకంటే నిదానం. రెండు చుట్లు తడబడి, మూడో చుట్టుకు కలిశాం. పాట యారాలే ఎత్తుకుంది. బిడ్డ తన జానెడు బతుకమ్మను మా నాలుగింటి మధ్య పెట్టి తెగ మురిసిపోయింది.

అక్కడే పడుకుని పొద్దున్నే తిరుగు బస్సెక్కాం. ఊళ్లో మళ్లీ పూలు కోయాలి, మళ్లీ పేర్చాలి. దారిలో యారాలితో మెల్లగా అన్నాను, "చిన్న అక్షరాలు నేను సదువలే."

"నాకెరుకే అక్కా. పెండ్లి కార్డు మీద గుడ పెద్దయే సదువుతవు. ఊర్లె దిగినంక తొమ్మిదో గింజ నువ్వే పెట్టు."

పెట్టాను.

ఈ ఏడాది నా కిటికీలో కూడా గింజలున్నాయి. అయినా వాడవాళ్లు వచ్చి, "సద్దులు ఎప్పుడు పెద్దవ్వా?" అని అడిగారు. కళ్లద్దాలు పెట్టుకుని, చిన్న అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివాను. వాళ్లను ఇదివరకటి కంటే ఎక్కువసేపే నిలబెట్టాను.

"ఈసారి అంతట ఒక్కటే రోజు" అన్నాను.

వాళ్ల మొహాలు చిన్నబోయాయి.

"మంచిగ సూడు పెద్దవ్వా" అంది పక్కింటి కోడలు, "బిచ్కుంద దిక్కన్న ఒకరోజు ముందు లేదా?"