నల్లరాతి కల్వం

అయస్కాంత కొలతకు పంపిన నమూనా గ్రాఫు బెంగళూరు నుంచి వచ్చిన రోజు యమునకు సంతోషమే కలిగింది. ఆమె తయారుచేసిన పదార్థం గది వేడిలోనే అయస్కాంతంలా నిలబడింది.

పుంగనూరు దగ్గరి కూలి కుటుంబం నుంచి కుప్పంలో పరిశోధన దాకా వచ్చిన పిల్ల యమున. జంట లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే సేంద్రియ అణువులను రాడికల్స్ అంటారు. వాటిని మాంగనీసుకు కట్టి, లోహంలోని అయస్కాంతమూ అణువులోని అయస్కాంతమూ ఒకదాన్నొకటి ఎట్లా లాగుతాయో చూడడం ఆమె పని. గాలి కూడా ద్రవమయ్యేంత చలిలో తప్ప అవి వరసకు రావు. ఇది మాత్రం వేడిలోనూ చెదరలేదు. గైడు పురుషోత్తం స్వీట్లు పంచి, ఆ వారమే పత్రికకు పేపరు పంపేశాడు.

యమునకే అనుమానం పట్టుకుంది. కొలతకు పంపేముందు స్ఫటికాలను తాను దేంట్లో నూరింది?

ల్యాబులో సులువుగా అరగని అగేటు రాతి కల్వం ఉంది, కానీ అది పురుషోత్తం బీరువాలో తాళం వేసి ఉంటుంది. అడిగినప్పుడు, మీవాళ్ల చేతికిస్తే ఏదీ మిగలదని నవ్వుతూనే అన్నాడు. మళ్లీ అడగబుద్ధి కాక తండ్రికి చెప్పుకుంది. క్వారీల్లో రాయి కొట్టి బతికిన మునిరత్నం, నల్లరాయి తునక తెచ్చి, అరచేతిలో పట్టే కల్వం తొలిచి, అద్దంలా నునుపు చేసి ఇచ్చాడు. ఎంత నూరినా అరగదన్నాడు.

అరిగింది. యమున ఖాళీ కల్వాన్ని నూరి, రాలిన పొడిని కాగితం మీద పోసి, కింద అయస్కాంతం జరిపింది. నల్లటి రేణువులు లేచి దాని వెంట నడిచాయి. నూరని స్ఫటికాలను మళ్లీ బెంగళూరు పంపింది. వేడిలోని అయస్కాంతం మాయమైంది.

“సార్, అది రాయిలోని ఇనుప ధూళి. మన పదార్థం కాదు.”

“ఎవురికి తెలుస్తాది? నీ గడువు దగ్గరికొస్తాండాది. నోరు మూసుకోని థీసిస్ రాసుకో.”

“నాకు తెలుసు గదా సార్.”

ఆమే పత్రికకు రాసింది. పేపరు వెనక్కి తీసుకున్నారు. విద్యార్థిని అజాగ్రత్తే కారణమని పురుషోత్తం రాసిచ్చాడు. బీరువా తాళం సంగతి విచారణ కమిటీలో ఒక్కరూ అడగలేదు. గడువు పొడిగించమన్న అర్జీ మీద ఆయన సంతకం పెట్టలేదు. ఆమె చదువు అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు మదనపల్లెలో ఒక ఫ్యాక్టరీలో టమోటా గుజ్జు పులుపు కొలుస్తోంది.

తోటి విద్యార్థి చరణ్ ద్వారా మునిరత్నానికి విషయం తెలిసింది. కూతురు సెలవుకు ఇంటికొచ్చిన రోజు ఆమె ముఖం చూడకుండానే అడిగాడు.

“నా రాయే నిన్ను ముంచిందంట గదమ్మా?”

“రాయి కాదు నాయనా. ఆ బీరువా తాళం.”

ఆయన నమ్మలేదు. చదువు ఆగినప్పుడు ఆమె ఇంటికి తెచ్చిపెట్టిన కల్వం, ఆయన అప్పటికే సుత్తితో పగలగొట్టగా, పెరట్లో ముక్కలుగా పడి ఉంది.