ఒడి ఇవ్వనన్న తాత

మా నాయనకు మోచేతుల మీద, అరచేతుల్లో సోరియాసిస్ ఉండేది. ధర్మవరంలో పట్టు నేసేవాడికి అంతకంటే చేదు జబ్బు లేదు. పగిలిన వేళ్లకు పట్టు పోగు తగులుకుని తెగుతుంది. నూనె రాసుకుందామంటే చీరకు మరక. ఆయన చిన్నప్పుడు వేరుశనగ చేనులో పామును కొట్టినాడు కాబట్టే ఇదంతా అని ఆయన తల్లి, మా జేజి నమ్మకం. "కొట్టినోడికే కాదు, మూడు తరాలకూ తగుల్తాది" అని తీర్పు చెప్పి మరీ పోయింది.

ఆ మూడో తరం నా కూతురు.

తొంభైల చివర్లో దానికి చెవులు కుట్టించాలనుకున్నాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టడం మా పద్ధతి. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి తాత ఒడే గతి. నాయన ఒప్పుకోలేదు.

"ఎదురింటాయన్ని కూర్చోమని అడుగుమ్మా. నా చేతులు బిడ్డకు తగలగూడదు."

"ఇది అంటుతాదా, వంశంలో వస్తాదా? ఏదో ఒకటి చెప్పు నాయనా."

"రెండూ."

"రెండూ ఎట్లయితాది? వంశంలో వచ్చేదైతే నా నుంచి ఎప్పుడో వచ్చేసింటాది. నువ్వు దూరంగా కూర్చుని ఆపేదేముండాది?"

డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, వాదనలో గెలిచాను. ఆ వారమే పిల్ల మోకాలి వెనక ఎర్రటి మచ్చ లేచింది. గెలిచిన వాదన మీద నాకే నమ్మకం సడలింది.

ఇద్దరినీ అనంతపురంలో చర్మాల డాక్టరమ్మకు చూపించాను. పిల్లది చెమటకు ఒరుసుకుని వచ్చిన మచ్చ అని తేల్చేసి, ఆమె నాయన వైపు తిరిగింది.

"ఇది ముట్టుకుంటే అంటేది కాదు పెద్దాయనా. పిల్లలకు వంశంలో వచ్చేది జబ్బు కాదు, జబ్బు రాగల గుణం మాత్రం రావచ్చు. అదీ ఒక్క జీన్‌లో ఉండదు, చాలావాటిలో చెల్లాచెదురుగా ఉంటుంది. మీ కూతురికి కొన్నే వచ్చి ఉంటాయి, మనవరాలికి ఇంకా తక్కువ. ఉన్నా కూడా గొంతునొప్పో, దెబ్బో, దిగులో కదిలిస్తేనే లేస్తుంది. చాలామందికి అసలు లేవదు."

"విత్తనముంటే సరిపోదు, వాన పడాల" అన్నాడు నాయన. మా కరువు జిల్లావాడికి అంతకంటే విడమరిచి చెప్పనక్కరలేదు. "మరి పాము?"

"పాముల సంగతి నేను చదువుకోలేదు."

తిరుగు బస్సు బత్తలపల్లె దాటినాక నాయన అన్నాడు, "మీ జేజి బతికుంటే ఒప్పుకునేది గాదు."

"ఒప్పుకోకపోగా డాక్టరమ్మకే నాగులచవితి చేయించేది."

నాయన నవ్వినాడు. ఒడి ఇస్తానన్నాడు.

చెవులు కుట్టే రోజు కంసాలి ఆచారి తీగ గుచ్చగానే పిల్ల వీధంతా వినేట్టు ఏడ్చి, తాత మోచేతిని రెండు చేతులా పట్టుకుంది. తెల్లటి పొలుసులు దాని వేళ్లకు అంటుకున్నాయి. నాయన నా ముఖం చూశాడు. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను ఎత్తుకోబోతే పిల్ల రానంది.

"నా చేతికి గాదు, నీ నోటికి బయపడినట్టుండాది," అన్నాడు నాయన. "ఈడనే ఉండనీలే."